రెండు కీలు, రెండు రకాల సెట్టింగులు: స్కాన్ టూల్ పెట్టకముందే చూసుకోవాల్సినవి

తర్వాత చదివేవాళ్ళకు కూడా అర్థం కావాలి కాబట్టి మీ ప్రశ్న క్లుప్తంగా మళ్ళీ చెబుతాను. మీరు నెల్లూరులో ఉంటారు, 2018 మోడల్ స్కోడా ఆక్టేవియా సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, పని మీద ఒంగోలుకు తరచూ వెళ్ళొస్తుంటారు. మీరు పెట్టుకున్న సీటు, అద్దాలు, లైట్ల సెట్టింగులు మీ శ్రీమతి గారు బండి తీసినప్పుడు మారిపోతున్నాయి. బండి కదిలాక డోర్లు వాటంతట అవి లాక్ కావడం లేదు. రివర్స్ వేస్తే ఎడమ అద్దం కిందికి వంగడం లేదు. లేన్ మారేటప్పుడు ఇండికేటర్ మూడుసార్లు కాకుండా ఐదుసార్లు కొట్టాలి. సీట్ బెల్ట్ బీప్ ఆగిపోవాలి. ఆటోనగర్‌లో ఒకరు మొత్తం కోడింగ్, అంటే బండిలోని కంప్యూటర్లలో సెట్టింగులు మార్చే పని, చేసిస్తామన్నారు, మీరేమో ఆ కంప్యూటర్లతో మాట్లాడే స్కాన్ టూల్ కొనుక్కుని సొంతంగా చేసుకుందామని చూస్తున్నారు.

కార్ల ఎలక్ట్రికల్ పని మీదే బతుకుతున్నవాడిగా చెబుతున్నాను, ఈ ఐదింటిలో స్కాన్ టూల్‌తో కొత్తగా రాయాల్సింది ఒక్కటే అయ్యుంటుంది, అది ఇండికేటర్ లెక్క. మొదటి మూడింటికీ కారణం వేరేచోట ఉండే అవకాశమే ఎక్కువ. చివరిది నేను చేయను, మీరూ చేయించుకోవద్దు. ఎందుకో చెబుతాను.

ముందు కీల సంగతి. సెకండ్ హ్యాండ్ బండ్లలో ఎక్కువమందిని తికమక పెట్టేది ఇదే. మీ బండిలో ఏ లోపమూ లేకపోవచ్చు, అది చేయాల్సిన పనే చేస్తూ ఉండొచ్చు. ప్రతి రిమోట్ కీకి దాని సొంత గుర్తింపు నంబర్ ఉంటుంది. మీరు దూరం నుంచి బటన్ నొక్కగానే ఆ నంబర్ బండికి చేరుతుంది, వచ్చింది ఏ కీయో బండికి తెలిసిపోతుంది. డ్రైవర్‌ని బట్టి సెట్టింగులు మార్చే సౌకర్యం ఉన్న కార్లలో సీటు ఎంత ముందుకుండాలి, అద్దాలు ఏ కోణంలో ఉండాలి, ఏసీ ఎంతలో ఉండాలి, ఇంటికొచ్చాక హెడ్‌లైట్లు ఎంతసేపు వెలగాలి లాంటివి ఆ కీ పేరున దాచిపెడతారు. మీ కీతో తెరిస్తే మీవి, ఆవిడ కీతో తెరిస్తే ఆవిడవి. ఫేస్‌లిఫ్ట్ (అదే మోడల్‌కు రూపం మార్చి తెచ్చిన వెర్షన్) తర్వాతి ఆక్టేవియాలో ఈ సదుపాయం ఇచ్చారు. మీ వేరియంట్‌లో ఉందో లేదో తెలియాలంటే స్క్రీన్ మీద సెట్టింగుల్లో పర్సనలైజేషన్ అనే మెనూ కనిపిస్తుందేమో చూడండి.

అది కనిపిస్తే లోపలికి వెళ్ళండి. పాత ఓనరు పేరుతో అకౌంట్లు ఇంకా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. అమ్మేటప్పుడు ఫోన్ల బ్లూటూత్ జత తీసేస్తారు గానీ ఈ అకౌంట్ల జోలికి ఎవరూ వెళ్ళరు. వాటిని రీసెట్ చేసేసి మీ ఇద్దరికీ కొత్తగా చేసుకోండి. చేసేటప్పుడు ఒక్క జాగ్రత్త చాలు, రెండో కీ బండిలో ఉండకూడదు, మీ జేబులోనూ ఉండకూడదు, ఇంట్లోనే పెట్టేయండి. ఒక కీతో మాత్రమే లాక్ తీసి, ఎక్కి, సీటూ అద్దాలూ సర్దుకుని, సేవ్ చేసి, దిగి, అదే కీతో లాక్ చేయండి. తర్వాత రెండో కీతో మళ్ళీ అదే వరస. సీటు మెమరీని కీకి జత చేసే పద్ధతి ఓనర్స్ మాన్యువల్‌లో సీట్ల అధ్యాయంలో ఉంటుంది, అక్షరం పొల్లుపోకుండా అలాగే చేయండి. బటన్ల మధ్య ఎక్కువసేపు ఆగితే బండి దాన్ని సేవ్ చేసుకోదు.

ఆ తర్వాత కూడా మారిపోతోందంటే రోజూ బండి ఎలా తీస్తున్నారో గమనించండి. భార్యాభర్తలిద్దరూ కలిసి బయల్దేరతారు, ఇద్దరి దగ్గరా కీలుంటాయి. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌లోని కీకి డోర్ తెరుచుకుంటుంది, డ్రైవింగ్ సీట్లో మీరు కూర్చుంటారు. బండి మాత్రం ఆవిడే వచ్చారనుకుని సీటు ముందుకు జరుపుతుంది. దీనికి ఏ స్కాన్ టూలూ మందు కాదు. ఎవరు నడుపుతారో వాళ్ళ కీతోనే లాక్ తీయాలి, అంతే. ఇంకో సంగతి, రిమోట్‌లో బ్యాటరీ నీరసించి మీరు ఎప్పుడూ పక్కవాళ్ళ కీతోనే తెరుస్తుంటే కూడా ఇలాగే జరుగుతుంది. ముందు ఆ చిన్న బిళ్ళ బ్యాటరీ మార్చి చూడండి.

ఇక డోర్ లాక్. మీ బండిలో ఆటో లాక్ ఉంటే గంటకు సుమారు 15 కిలోమీటర్ల వేగం దాటగానే పడాలి. మొదట స్క్రీన్ మీద కార్ బటన్ నొక్కి సెట్టింగుల్లో ఓపెనింగ్ అండ్ క్లోజింగ్ అన్న చోట ఆటోమేటిక్ లాకింగ్‌కు టిక్ ఉందో లేదో చూడండి. లేకపోతే పెట్టండి, పని అయిపోతుంది. టిక్ ఉండి కూడా లాక్ పడటం లేదంటే కోడింగ్ మార్చడానికి తొందరపడొద్దు. బండి తన డోర్లను ఎలా చూస్తోందో ముందు చూడాలి.

ఇక్కడ స్కాన్ టూల్ నిజంగా అక్కరకొస్తుంది, కానీ రాయడానికి కాదు, చదవడానికి. నాలుగు డోర్లూ గట్టిగా మూసి, ఇగ్నిషన్ ఆన్ చేసి, డోర్ మాడ్యూళ్ళ, అంటే డోర్లను చూసుకునే చిన్న కంప్యూటర్ల, లైవ్ డేటా (అవి అప్పటికప్పుడు చూపించే వివరాలు) తెరవండి. టూల్‌లో ఒక్కో మాడ్యూల్‌కు ఉండే నంబర్‌ను అడ్రస్ అంటారు. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బండ్లలో డ్రైవర్ డోర్ అడ్రస్ 42, పక్క సీటు డోర్ 52. ఒక్కో డోర్ తీసి వేస్తూ ఓపెన్, క్లోజ్డ్ అని మారుతోందా లేదా చూడండి. డోర్ మూసే ఉన్నా తెర మీద ఓపెన్ అని చూపిస్తే, లేదా ఒకసారి ఓపెన్ ఒకసారి క్లోజ్డ్ అని ఊగిసలాడుతుంటే దొంగ దొరికినట్టే. డోర్ లాక్ లోపల చిన్న మైక్రోస్విచ్ ఉంటుంది, అది పోయింది. డోర్ తెరిచి ఉందనుకునే బండి ఆటో లాక్ వేయదు. ఈ కంపెనీ బండ్లలో ఇది బాగా తెలిసిన జబ్బే. ఆ స్విచ్ విడిగా దొరకదు కాబట్టి మామూలుగా లాక్ అసెంబ్లీ మొత్తం మార్చాల్సి వస్తుంది.

టూల్ లేకుండా పసిగట్టే గుర్తులు కూడా ఉన్నాయి. రిమోట్‌తో లాక్ చేసినప్పుడు ఇండికేటర్లు వెలిగి లాక్ పడిందని చెప్పాలి. వెలగకపోతే ఏదో ఒక డోరో, డిక్కీయో, బానెట్టో తెరిచి ఉందని బండి అనుకుంటోంది. ఫలానా డోర్ తీసినప్పుడు మాత్రం లోపలి లైటు వెలగకపోవడం, డోర్ వేసినా లైటు ఆరకపోవడం కూడా అలాంటి గుర్తులే. మైపాడు వైపు రొయ్యల చెరువుల కట్టల మీద తిరిగే బండి ఒకటి నా దగ్గరికి ఇలాగే వచ్చింది. అంతకు ముందే వేరే రెండు చోట్ల ఆటో లాక్ కోసమని కోడింగ్ మార్చి ఉన్నారు. లైవ్ డేటాలో వెనక ఎడమ డోర్ మూసి ఉన్నప్పుడు కూడా ఓపెన్ అనే చూపిస్తోంది. డోర్ ప్యాడ్ విప్పితే కనెక్టర్ పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టి ఉంది. సముద్రపు గాలి, చెరువుల ఉప్పు తేమ మన తీరంలో బండ్లకు చేసే హాని అంతా ఇంతా కాదు. కనెక్టర్ శుభ్రం చేసి, లాక్ మార్చి, ఆ రెండు చోట్ల మార్చిన కోడింగ్‌ను మళ్ళీ అసలు స్థితికి తెచ్చేసరికి అన్నీ సరిపోయాయి. అన్నిటికంటే ఎక్కువ సమయం పట్టింది ఆ చివరి పనికే, ఎందుకంటే అసలు కోడింగ్ ఎలా ఉండేదో ఎవరూ రాసి పెట్టుకోలేదు.

మీ ఎడమ అద్దం గురించి. ఇంజన్ ఆన్‌లో ఉంచి, డ్రైవర్ డోర్ మీదున్న అద్దాల నాబ్‌ను ఎల్ వైపు, అంటే ఎడమ అద్దం వైపు తిప్పి పెట్టి, అప్పుడు రివర్స్ వేయండి. ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు బండ్లలో నాబ్ పక్క సీటు అద్దం వైపు ఉంటేనే అది కిందికి వంగుతుంది. నాబ్ మధ్యలో ఉంటే వంగదు. ముందుకు కదిలి 15 కిలోమీటర్ల వేగం దాటినా, నాబ్ మధ్యకు తిప్పినా అద్దం మళ్ళీ పాత స్థానానికి వస్తుంది. మెనూలో మిర్రర్స్ అండ్ వైపర్స్ కింద దీనికి కూడా ఒక టిక్ ఉంటుంది. టిక్ ఉంది, నాబ్ తిప్పారు, అయినా వంగలేదంటే అద్దం మోటార్ ఏ రకందో చూడాలి. వంగిన అద్దం తిరిగి సరిగ్గా పాత చోటికే రావాలంటే తానెక్కడున్నదీ చెప్పే సెన్సర్ అద్దంలో ఉండాలి. సీటు మెమరీ ఉన్న వేరియంట్లలో సాధారణంగా ఉంటుంది. అది లేని అద్దానికి కోడింగ్‌లో ఎంత టిక్ పెట్టినా ఉపయోగం లేదు. లేని వస్తువును కోడింగ్ పుట్టించలేదు.

ఇప్పుడు అసలు రాయాల్సిన పని, ఇండికేటర్. మెనూలో దీన్ని ఆన్, ఆఫ్ మాత్రమే చేసుకోవచ్చు, ఎన్నిసార్లన్నది మార్చే వీలు ఓనరుకు ఇవ్వలేదు. ఆ లెక్క లైట్లు, వైపర్లు, లాకులు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్‌లో ఉంటుంది. ఈ గ్రూపు బండ్ల కోసం చేసిన వీసీడీఎస్ అనే స్కాన్ సాఫ్ట్‌వేర్‌లో అది అడ్రస్ 09, సెంట్రల్ ఎలక్ట్రానిక్స్. మీ బండి ఎంక్యూబీ ప్లాట్‌ఫామ్ (ఈ గ్రూపు చాలా మోడళ్ళకు వాడే ఉమ్మడి నిర్మాణం) మీద కట్టినది కాబట్టి అడాప్టేషన్, అంటే విలువలు ఒక్కొక్కటిగా మార్చే చోటు, తెరిచే ముందు సెక్యూరిటీ యాక్సెస్‌లో 31347 కొట్టాలి. అడాప్టేషన్ జాబితాలో పేర్లు చాలావరకు జర్మన్‌లో ఉంటాయి. కోమ్‌ఫోర్ట్‌బ్లింకెన్ బ్లింక్‌త్సీక్లెన్ అనే పేరున్న ఛానెల్ వెతకండి, ప్రస్తుత విలువ 3 అని ఉంటుంది. 5 కొట్టి సేవ్ చేయండి. ఛానెల్ మూసి, మళ్ళీ తెరిచి 5 నిలిచిందో లేదో చూడండి. ఇంజన్ ఆపి, కీ తీసి, మళ్ళీ స్టార్ట్ చేసి ఇండికేటర్ పుల్లను ఒక్కసారి తట్టి లెక్కపెట్టండి. హైవే మీద లారీలను దాటేటప్పుడు మూడు మెరుపులు వెనక వచ్చేవాడి కంట పడకుండానే అయిపోతాయి, ఐదు నయం. మీరు అడిగింది మంచి మార్పు.

అడాప్టేషన్ ఇంత తేలికే. లాంగ్ కోడింగ్ మాత్రం వేరు, అక్కడే బండ్లు పాడవుతున్నాయి, అందుకే కొంచెం విడమరిచి చెబుతాను. కోడింగ్ అనేది బైట్ల వరస. ఒక్కో బైట్‌లో ఎనిమిది బిట్లు, ఒక్కో బిట్ ఒక్కో స్విచ్. మీరు చదివినప్పుడు ఒక బైట్‌లో 14 అని ఉందనుకుందాం. ఇది మనం మామూలుగా లెక్కపెట్టే పద్నాలుగు కాదు, హెక్సాడెసిమల్ సంఖ్య, అంటే పదికి బదులు పదహారు ఆధారంగా లెక్కపెట్టేది. విప్పితే 00010100. కుడి నుంచి సున్నాతో మొదలుపెట్టి లెక్కపెడితే 2వ బిట్, 4వ బిట్ ఆన్‌లో ఉన్నాయి. అంటే ఆ బైట్‌లో ఇప్పటికే రెండు ఫీచర్లు పనిచేస్తున్నాయి. మీకు కావాల్సిన ఫీచర్ 1వ బిట్ అయితే, దాని విలువ 2. పాత 14కు 2 కలిపి 16 రాయాలి, అంటే 00010110. ఆన్‌లైన్‌లో ఎవరో ఫలానా బైట్‌లో 02 పెట్టండి అన్నారని 14 తీసేసి 02 కొడితే కావాల్సింది ఆన్ అవుతుంది, ఉన్న రెండూ ఆరిపోతాయి. ఆరినవి ఏమిటో వెంటనే తెలియదు. వాన పడ్డ రోజు వైపర్ వేగం మారట్లేదని తెలుస్తుంది, లేదా రాత్రిపూట ఫాగ్ లైటు వెలగట్లేదని తెలుస్తుంది. వేరేవాళ్ళ బండి కోడింగ్ మొత్తం కాపీ చేసి మీ బండిలో పెట్టడమైతే గుడ్డెద్దు చేలో పడ్డట్టే. రెండు ఆక్టేవియాలు చూడ్డానికి ఒకేలా ఉన్నా వాటి కోడింగ్ ఒకటి కానక్కర్లేదు. హెడ్‌లైటు రకం, ఏసీ రకం, సన్‌రూఫ్ ఉందా లేదా, అన్నీ అందులోనే ఉంటాయి.

అందుకే టూల్ చేతికి రాగానే మొదటి పని ఆటో స్కాన్. వీసీడీఎస్‌లో ఆటో స్కాన్ చేస్తే బండిలోని ప్రతి మాడ్యూల్ కోడింగూ ఒకే టెక్స్ట్ ఫైల్‌లో వస్తుంది. అడాప్టేషన్ విలువలు అందులో రావు, వాటి కోసం అడ్మ్యాప్ అనే ఫైల్ విడిగా తీయాలి, కనీసం 09 మాడ్యూల్‌కైనా తీసి పెట్టుకోండి. ఈ రెండు ఫైళ్ళూ తేదీతో మీ మెయిల్‌కు పంపుకోండి, ఫోన్‌లో ఒక కాపీ ఉంచండి. ఒక ఫైల్ విలువ ఏమిటో 2021 నవంబరు వరదల తర్వాత మన జిల్లాలో చాలామంది మెకానిక్‌లకు తెలిసొచ్చింది. నీళ్ళలో మునిగిన బండ్లకు బాడీ కంట్రోల్ మాడ్యూళ్ళు పోయాయి. కొందరు చెన్నై పుదుపేటకు వెళ్ళి పాత మాడ్యూల్ తెచ్చుకున్నారు. బిగించాక బండి స్టార్ట్ అయినా లైట్లు, వైపర్లు, లాకులు ఒక పద్ధతిలో పనిచేయవు. ఎందుకంటే ఆ మాడ్యూల్ ఇంకో వేరియంట్ బండి లెక్కలు మోసుకొచ్చింది. పాత మాడ్యూల్ చచ్చిపోయింది కాబట్టి దాన్నుంచి చదవడానికీ లేదు. ముందే తీసి పెట్టుకున్న స్కాన్ ఉన్నవాళ్ళకు ఆ పని ఒక పూటలో అయిపోతుంది. లేనివాళ్ళు ఒక్కో ఫీచర్ పరీక్షించుకుంటూ కూర్చోవాలి. ఇమ్మొబిలైజర్ (సరైన కీ లేకుండా బండి స్టార్ట్ కానివ్వనిది), కాంపొనెంట్ ప్రొటెక్షన్ (వేరే బండి భాగాన్ని పనిచేయనివ్వనిది) ఉన్న మాడ్యూళ్ళకైతే డీలర్ ఆన్‌లైన్‌లో అనుమతి తెచ్చి జత చేస్తే తప్ప కుదరదు. తక్కువకే చేస్తామని ఎవరన్నా నమ్మకండి.

బ్యాటరీ గురించి కూడా చెప్పాలి. ఇంజన్ ఆపి ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే టైమ్ తెలియదు. ఆ స్థితిలో పది ఆంపియర్ల పైన లాగే బండ్లు ఉన్నాయి. ఏసీ బ్లోవర్, హెడ్‌లైట్లు, స్క్రీన్, అన్నీ ఆపేయండి. నిండుగా ఉన్న బ్యాటరీ విశ్రాంతిలో 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. 12.2కు వచ్చిందంటే సగం అయిపోయినట్టు. నెల్లూరు ఎండలకు బ్యాటరీలు తొందరగా ముసలివైపోతాయి. మే నెలలో రెండు మూడేళ్ళ బ్యాటరీని నమ్మి కోడింగ్‌కు కూర్చోవద్దు, స్థిరంగా వోల్టేజ్ ఇచ్చే పవర్ సప్లై తగిలించుకోండి. అయితే అనవసరంగా భయపడకండి కూడా. సెట్టింగ్ మార్చేటప్పుడు రాసేది నాలుగు బైట్లు, క్షణంలో అయిపోతుంది, మధ్యలో తెగినా మామూలుగా పాత విలువే ఉండిపోతుంది, మళ్ళీ రాసుకోవచ్చు. మాడ్యూల్ సాఫ్ట్‌వేర్ మొత్తం తిరగరాసే ఫ్లాషింగ్ మధ్యలో కరెంట్ పోతేనే మాడ్యూల్ మూగబోతుంది. మీకు ఫ్లాషింగ్ అవసరమే లేదు. ఆటోనగర్‌లో ఎవరైనా అప్‌డేట్ కూడా చేసేస్తాం అంటే వద్దనండి.

రాసేటప్పుడు బండి ఒప్పుకోకపోతే కారణం నంబరుతో చెబుతుంది. ఈ నంబర్లు ఐఎస్ఓ 14229 ప్రమాణంలోవి, కంపెనీ ఏదైనా అర్థం ఒకటే. 33 వస్తే సెక్యూరిటీ యాక్సెస్ ఇవ్వలేదని. 35 అంటే ఇచ్చిన కోడ్ తప్పు. 36 అంటే తప్పు కోడ్ కొట్టే అవకాశాలు అయిపోయాయి, 37 అంటే కొంతసేపు ఆగి మళ్ళీ రమ్మని. ఇవి చూసి టెన్షన్ పడి పదేపదే వేర్వేరు కోడ్‌లు కొట్టకండి, ఇగ్నిషన్ ఆన్‌లోనే ఉంచి ఆగండి. 31 వస్తే మీరు ఇచ్చిన విలువ ఆ మాడ్యూల్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదని, అంటే ఆ ఫీచర్ మీ బండికి లేకపోవచ్చు. 22 వస్తే పరిస్థితులు అనుకూలంగా లేవని. ఇంజన్ నడుస్తూ ఉండొచ్చు, వోల్టేజ్ తక్కువ కావచ్చు. ఈ గ్రూపు కొత్త బండ్లలో కొన్ని బానెట్ తెరిచి ఉంటేనే కోడింగ్ ఒప్పుకుంటాయి, దొంగతనం జరగకుండా పెట్టిన అడ్డంకి అది. చాలామంది ఆ 22 చూసి టూల్ పాడైందనుకుంటారు.

టూల్ ఏది కొనాలన్నారు. నాలుగైదు వందలకు దొరికే నీలం రంగు బ్లూటూత్ ఈఎల్ఎం 327 మీ పనికి రాదు. కారణం తెలుసుకుంటే ఇంకెప్పుడూ మోసపోరు. మన దేశంలో 2013 ఏప్రిల్ నుంచి కార్లకు ఓబీడీ 2, అంటే బండి లోపాలను తానే కనిపెట్టి సాకెట్ ద్వారా చెప్పే వ్యవస్థ, తప్పనిసరి చేసింది పొగ కాలుష్యం కోసం. కాబట్టి అన్ని బండ్లూ అందరికీ ఒకే భాషలో చెప్పేది ఇంజన్ సంగతులే. డోర్లు, లైట్లు, సీట్లు, అద్దాల సంగతి ప్రతి కంపెనీదీ సొంత వ్యవహారం. పైగా ఆ నీలం డబ్బాలు అసలైనవి కావు. ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ తొలి వెర్షన్ చిప్‌ను కాపీ కొట్టి చేసినవే ఎక్కువ, వాటి మీద ముద్రించే 1.5 అనే వెర్షన్‌ను ఆ కంపెనీ ఎప్పుడూ విడుదల చేయలేదు. చెక్ ఇంజన్ లైటు కోడ్ చదవడానికి సరిపోతుంది, కోడింగ్‌కు వద్దు. మీ ఆక్టేవియాకు ఒరిజినల్ వీసీడీఎస్ కేబుల్ గానీ, ఓబీడీ లెవెన్ గానీ తీసుకోండి. ఓబీడీ లెవెన్‌లో ఒకే నొక్కుతో అయ్యే రెడీమేడ్ మార్పులుంటాయి, కొత్తవాళ్ళకు అది తేలిక. నేర్చుకోవాలనుంటే వీసీడీఎస్ మంచిది. దొంగ వీసీడీఎస్ కేబుళ్ళ జోలికి పోవద్దు, అప్‌డేట్ చేయగానే పనిచేయడం మానేస్తాయి, అదీ సరిగ్గా బండి సగంలో ఉన్నప్పుడు.

ఒక్క ఇండికేటర్ కోసం టూల్ కొనడం మీకు దండగ అనిపిస్తే తప్పేమీ లేదు. ఆటోనగర్‌లోనే చేయించండి, కానీ పని మొదలు పెట్టకముందు స్కాన్ ఫైల్, పని అయ్యాక స్కాన్ ఫైల్, రెండూ ఇవ్వమని ముందే అడగండి. సరేనన్నవాడి దగ్గర చేయించుకోండి. అవెందుకండీ అని విసుక్కునేవాడి దగ్గర్నుంచి బండి వెనక్కి తెచ్చేయండి. వారంటీ ఇంకా ఉన్న బండి అయితే ఏ మార్పైనా డీలర్ సర్వీస్ సెంటర్‌లో అడిగి జాబ్ కార్డు మీద రాయించుకుని చేయించడమే క్షేమం.

సీట్ బెల్ట్ బీప్ దగ్గరికి వచ్చాను. సాంకేతికంగా అది మీటర్ మాడ్యూల్‌లోనో మరోచోటో ఒక విలువే కావచ్చు, ఆపగలిగినవాళ్ళూ ఉండొచ్చు. నేను ఆపను. 2019 జులై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లకు డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, డ్రైవర్‌కూ పక్క సీటుకూ బెల్ట్ రిమైండర్, 80 దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆగకుండా మోగే స్పీడ్ అలారం, వెనక పార్కింగ్ సెన్సర్లు తప్పనిసరి చేశారు. మీ బండి అంతకు ముందుదే, అయినా అదే బీప్ దానికీ ఉంది, అదే పని చేస్తోంది. బెల్ట్ లేకుండా పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 194బి కింద వెయ్యి రూపాయలు కట్టాలి, అది చిన్న విషయం. మీరు తిరిగేది 16వ నంబర్ జాతీయ రహదారి. కావలి దాటాక రోడ్డు తిన్నగా ఉంటుంది, వేగం తెలియకుండానే పెరుగుతుంది, డివైడర్ సందుల్లోంచి బైకులు, గేదెలు అడ్డం వస్తాయి. ఎయిర్‌బ్యాగ్ సెకనులో ఇరవయ్యో వంతులోపే పూర్తిగా తెరుచుకుంటుంది. మనిషిని బెల్ట్ పట్టి ఉంచుతుందన్న లెక్క మీదే దాన్ని తయారు చేశారు. బెల్ట్ లేకుండా ముందుకు తూలిన మొహం, ఛాతీ మీద అది విచ్చుకుంటే కాపాడాల్సిందే దెబ్బ కొడుతుంది. పక్క సీట్లో బ్యాగ్ పెడితే బీప్ వస్తోందన్నది మీ ఇబ్బంది అయితే బ్యాగ్ వెనక సీట్లో పెట్టండి. అలాగే 15 అని కనిపించే అడ్రస్ ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్. అందులో చదవడం తప్ప ఏమీ చేయకండి, ఎవరినీ చేయనివ్వకండి.

వేరే కంపెనీల బండ్లున్నవాళ్ళు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు ముక్కలు. టయోటాలో ఓనర్స్ మాన్యువల్ చివర్లో కస్టమైజేషన్ పట్టిక ఉంటుంది. ఏ సెట్టింగ్ మీరే మార్చుకోవచ్చో, ఏది డీలర్ టూల్‌తోనే మారుతుందో అందులో విడివిడిగా గుర్తు పెట్టి ఉంటుంది, సర్వీస్‌కు వెళ్ళినప్పుడు ఆ పేజీ చూపించి అడగండి. హ్యుందాయ్, కియాల్లో డోర్ ఆటో లాక్, అన్‌లాక్, ఇండికేటర్ 3, 5, 7 లాంటివి చాలా మోడళ్ళలో మీటర్ లేదా స్క్రీన్‌లోని యూజర్ సెట్టింగ్స్‌లోనే దొరుకుతాయి, బండి ఆగి ఉన్నప్పుడు మాత్రమే తెరుచుకుంటాయి. ఫోర్డ్ బండ్లకు ఫోర్‌స్కాన్ చక్కటి సాఫ్ట్‌వేర్. అయితే ఎకోస్పోర్ట్ లాంటి వాటిలో బాడీ వైపు మాడ్యూళ్ళు కొన్ని ఎంఎస్ క్యాన్ అనే వేరే డేటా లైన్ మీద, అంటే ఓబీడీ సాకెట్‌లో 3, 11 పిన్నుల మీద ఉంటాయి. 6, 14 పిన్నులు మాత్రమే చదివే అడాప్టర్‌కు అవి కనిపించవు. రెండూ చదివే అడాప్టర్ తీసుకుని, రాయకముందు ప్రతి మాడ్యూల్ కాన్ఫిగరేషన్‌నూ ఫైల్‌గా సేవ్ చేసుకోండి. ఫోర్డ్ 2021లో ఇక్కడ తయారీ ఆపేస్తున్నట్టు ప్రకటించిన తర్వాత ఆ ఓనర్లకు ఈ ఫైల్ ఇంకా ముఖ్యమైంది.

మీరు ముందు కీల పని, మెనూ టిక్కులు, అద్దం నాబ్ చూసుకోండి. వీటికి టూల్ అక్కర్లేదు. ఆ తర్వాత కూడా డోర్ లాక్ పడకపోతే 42, 52 మాడ్యూళ్ళ లైవ్ డేటా, వెనక డోర్ల స్థితి, ఆటో స్కాన్ టెక్స్ట్ ఇక్కడ పెట్టండి, ఏ డోరో చూసి చెబుతాను. స్కాన్ ఫైల్‌లో పైనే ఛాసిస్ నంబర్, కిలోమీటర్ల రీడింగ్ ఉంటాయి. పెట్టేముందు ఛాసిస్ నంబర్‌లో చివరి ఆరు అంకెలు తీసేయండి, మిగతాది అలాగే ఉంచండి, మోడల్ సంవత్సరం చూడటానికి అది నాకు కావాలి.